యంత్రం వస్తోంది, నడిపేదెవరు?

ఏ విశ్వవిద్యాలయంలోనైనా రసాయన శాస్త్ర విభాగానికి కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్ మంజూరైందన్న కబురు వస్తే, ఆ రోజు అక్కడి కళే వేరుగా ఉంటుంది. ముఖ్యంగా పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల ముఖాల్లో. ఇంతకాలం వాళ్లు తయారుచేసిన పదార్థాన్ని చిన్న వయల్‌లో పెట్టి హైదరాబాదుకో చెన్నైకో కొరియర్ చేసి, రిపోర్టు కోసం వారాల తరబడి ఎదురుచూశారు. ‘ఎన్‌ఎంఆర్ వచ్చింది, మాస్ రావాలి’ అన్న మాట, అంటే ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది, ఈ యంత్రం ఫలితమే రావాలి అన్న మాట, మన ల్యాబుల్లో రోజూ వినబడేదే. పేపరు రాయడం అయిపోయి, ఒక్క మాస్ రిపోర్టు కోసం ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ ఎదురుచూపు తీరబోతోందంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు?

ఆ సంతోషంలో నాకూ పాలుంది కనుకే ఒక మాట సూటిగా చెప్పదలచుకున్నాను. కోట్లు పెట్టి యంత్రం కొనడం మనవాళ్లకు వచ్చు. దాన్ని పదేళ్లపాటు ఆగకుండా పనిచేయించడం ఇంకా రావాలి. ఆ పదేళ్ల లెక్కంతా కొనుగోలు కాగితాల్లోనే, మొదటి రోజే రాసుకోవాలని నా వాదన.

రసాయన శాస్త్రం చదవని శ్రోతల కోసం ముందుగా ఈ యంత్రం ఏం చేస్తుందో చెబుతాను. అది అణువుల ద్రవ్యరాశిని కొలుస్తుంది. అణువుకు విద్యుదావేశం ఇచ్చి అయానుగా మారుస్తుంది. గాలిని దాదాపు పూర్తిగా తోడేసిన గదిలోకి దాన్ని పంపి, విద్యుత్ క్షేత్రంలోనో అయస్కాంత క్షేత్రంలోనో అది ఎలా కదులుతుందో చూసి ద్రవ్యరాశి తేలుస్తుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ అనే రకంలో అయాన్లన్నిటినీ ఒకేసారి పరుగెత్తిస్తారు. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి తర్వాత. ఆర్బిట్రాప్ అనే రకంలో అయాన్లు కదురు ఆకారంలో ఉన్న ఒక ఎలక్ట్రోడ్ చుట్టూ తిరుగుతూ అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపు ఎంత వేగంగా ఉందన్నదాన్ని బట్టి లెక్క కడతారు.

ఈ విద్య వయసు వందేళ్లు దాటింది. 1912లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును ఇలా పరీక్షించినప్పుడు 20 దగ్గరే కాక 22 దగ్గర కూడా ఒక గుర్తు పడింది. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఇంకా మంచి పరికరం కట్టి, ఒకే మూలకంలో వేర్వేరు ద్రవ్యరాశుల పరమాణువులు ఉంటాయని రుజువు చేశాడు. రెండు వందలకు పైగా ఐసోటోపుల్ని గుర్తించాడు. 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. పరికరాన్ని కట్టిన మనిషీ, నడిపిన మనిషీ, ఫలితాన్ని అర్థం చేసుకున్న మనిషీ ఒక్కడే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక ‘హై రిజల్యూషన్’ అన్న మాటకు అర్థమేమిటి? నైట్రోజన్ అణుభారం 28 అని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. కార్బన్ మోనాక్సైడ్ కూడా 28. పండ్లను మాగబెట్టే ఇథిలీన్ కూడా 28. మామూలు యంత్రానికి ఈ మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. దశాంశాల్లోకి వెళితే నైట్రోజన్ 28.0061, కార్బన్ మోనాక్సైడ్ 27.9949, ఇథిలీన్ 28.0313. ఆ చిన్న తేడాల్ని పట్టుకోగలిగితే అణువులో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో, అంటే ఫార్ములా ఏమిటో, నేరుగా చెప్పొచ్చు. కొత్త సమ్మేళనం తయారుచేశామని ఎవరైనా అంటే పరిశోధన పత్రికలు అడిగేది దీన్నే. లెక్క ప్రకారం రావలసిన ద్రవ్యరాశికీ, యంత్రం చూపినదానికీ మధ్య తేడా సాధారణంగా పది లక్షల్లో 5 వంతులు దాటకూడదు. 400 ద్రవ్యరాశి ఉన్న అణువుకైతే ఆ తేడా 0.002 మాత్రమే.

మన నేల మీద జరిగిన పని నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. 1933 నుంచి 1949 వరకు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరువెంకట రాజేంద్ర శేషాద్రి గారు రసాయన శాస్త్రం నడిపించారు. పత్తి పూలలోనూ గోగు పూలలోనూ ఉన్న పసుపు రంగు పదార్థాలను ఆయన, ఆయన శిష్యులు వేరుచేసి వాటి నిర్మాణాన్ని తేల్చారు. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి గాజు సామాను, తక్కెడ, దహన విశ్లేషణ. పదార్థాన్ని గాఢమైన క్షారంతో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా గుర్తించి, అసలు అణువు ఎలా ఉండి ఉంటుందో వెనక్కి ఊహించాలి. తర్వాత ఆ ఊహ ప్రకారం అదే అణువును ప్రయోగశాలలో కట్టి రెండింటినీ పోల్చాలి. దానికి పూలు బస్తాల కొద్దీ కావాలి, ఓపిక సంవత్సరాల కొద్దీ కావాలి. ఈ రోజు అదే పనికి కంటికి కనిపించనంత పదార్థం చాలు.

అయితే ఆ రెండు పూల రంగుల్లోనే ఒక చిక్కు ఉంది. పత్తి పూల నుంచి వచ్చేది గాసిపెటిన్, గోగు పూల నుంచి వచ్చేది మైరిసెటిన్. రెండింటి ఫార్ములా ఒకటే. 15 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, 8 ఆక్సిజన్లు. ద్రవ్యరాశి 318.0376. ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా ఈ ఒక్క అంకెతో వాటిని విడదీయలేం. తేడా అంతా ఒక ఆక్సిజన్ ఏ వలయం మీద కూర్చుందన్నదే. దాన్ని పట్టుకోవాలంటే అయానును యంత్రం లోపలే వాయువుతో ఢీకొట్టించి, విరిగిన ముక్కల్ని మళ్లీ కొలవాలి. దీన్ని టాండెమ్ మాస్ అంటారు. అప్పుడు ఒక వైపు వలయం నుంచి వచ్చే ముక్క గాసిపెటిన్‌లో 16 ఎక్కువగా, సరిగ్గా ఒక ఆక్సిజన్ బరువు ఎక్కువగా, కనబడుతుంది. శేషాద్రి గారి శిష్యులు క్షారంతో చేసిన పనినే ఇప్పుడు వాయువుతో, క్షణంలో చేస్తున్నామన్నమాట. ముక్కల్ని చూసి అణువును ఊహించే బుర్ర మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

అందుకే యంత్రాన్ని ఎంచుకునే ముందు మన ప్రశ్నలేమిటో రాసుకోవాలి. మొక్కల నుంచి పదార్థాలు తీసే విభాగానికి టాండెమ్ సదుపాయం లేని యంత్రం సగం పనికే వస్తుంది. సుగంధ తైలాల మీద, పురుగుమందుల అవశేషాల మీద పనిచేసేవాళ్లకు, పదార్థాన్ని వేడిచేసి ఆవిరిగా విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీతో కలిసిన మాస్ యంత్రం చాలావరకు సరిపోతుంది, ధర కూడా బాగా తక్కువ. ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్ల అవసరం మరోటి. పక్క విశ్వవిద్యాలయంలో ఏది ఉంటే అంతకన్నా పై మోడల్ కావాలన్న పట్టుదల ప్రతిపాదనల్లో తరచూ కనిపిస్తుంది. అది మంచి పద్ధతి కాదు.

యంత్రం తప్పుగా ఎంచుకుంటే ఏమవుతుందో ప్రపంచమంతా చూసిన ఉదంతం ఒకటుంది. 2018లో రక్తపోటుకు వాడే వాల్సార్టాన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే పదార్థం బయటపడింది. ఇది క్యాన్సర్ కలిగించగలదని భావించే నైట్రోసమైన్. రోజుకు 96 నానోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టారు. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. మరుసటి ఏడాది కడుపుమంటకు వాడే రానిటిడిన్ మీద అనుమానం వచ్చింది. కొందరు దాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో వేడిచేసి పరీక్షిస్తే ఎన్‌డీఎంఏ విపరీతంగా కనబడింది. కారణం ఏమిటంటే, ఆ వేడికే రానిటిడిన్ విరిగి ఎన్‌డీఎంఏ పుడుతోంది. పరీక్షే విషాన్ని తయారుచేసింది. అప్పుడు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వేడి అవసరం లేని లిక్విడ్ క్రొమటోగ్రఫీ, హై రిజల్యూషన్ మాస్ కలిసిన పద్ధతిని వాడమని చెప్పింది. అలా చూసినా మందులో ఎన్‌డీఎంఏ ఉన్నట్టే తేలింది. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ అది పెరుగుతుందని కూడా తేలి, 2020 ఏప్రిల్‌లో రానిటిడిన్‌ను అమెరికా మార్కెట్ నుంచి తీసేయమన్నారు.

ఇంతకన్నా నన్ను ఆలోచింపజేసింది మెట్‌ఫార్మిన్ కథ. మధుమేహం ఉన్న ఇళ్లన్నిటికీ ఈ మాత్ర తెలుసు. ఇందులోనూ ఎన్‌డీఎంఏ ఉందా అని వెతికేటప్పుడు డీఎంఎఫ్ అనే ద్రావణి అడ్డం వచ్చింది. డీఎంఎఫ్‌లో కొన్ని అణువుల్లో నైట్రోజన్ బరువైన ఐసోటోపు ఉంటుంది. ఆ అయాను ద్రవ్యరాశి 75.0571. ఎన్‌డీఎంఏ అయాను 75.0553. మధ్య తేడా 0.0018. యంత్రం హై రిజల్యూషన్‌దే అయినా, నడిపే మనిషి ద్రవ్యరాశి పరిధిని తగినంత ఇరుకుగా పెట్టకపోతే డీఎంఎఫ్‌ను కూడా ఎన్‌డీఎంఏ ఖాతాలో కలిపేస్తుంది. ఒక ప్రయోగశాల లెక్కలు ఈ కారణంగానే ఎక్కువగా వచ్చాయని ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2020లో వివరంగా ప్రచురించారు. మందుల తయారీలో ఇంత పేరున్న హైదరాబాదుకు దగ్గర్లో ఉన్న మన విశ్వవిద్యాలయాలు, ఇలాంటి తేడాను పసిగట్టగలిగే విద్యార్థుల్ని తయారుచేయాలా వద్దా? చేయాలంటే ఆ యంత్రం వాళ్ల చేతికి అందాలి. దాని పక్కన నేర్పేవాడు ఉండాలి.

ఇక డబ్బు సంగతి. మన విశ్వవిద్యాలయాలకు పెద్ద పరికరాల నిధులు చాలావరకు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) నుంచి వస్తాయి. 2000లో మొదలైన ఫిస్ట్ పథకం వల్ల ఎన్నో విభాగాలు తమ మొదటి పెద్ద పరికరాన్ని కళ్లజూశాయి. దాని మేలు మరిచిపోకూడదు. కానీ మంజూరు రూపాయల్లో వస్తుంది, యంత్రం ధర డాలర్లలో ఉంటుంది. మంజూరు ఉత్తర్వుకూ, బ్యాంకులో లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవడానికీ మధ్య టెండర్లు, కమిటీలు, అభ్యంతరాలతో నెలలు గడుస్తాయి. ఈలోగా రూపాయి విలువ తగ్గితే స్పెసిఫికేషన్లలోంచి ఏదో ఒకటి తీసేయాలి. అప్పుడు ముందుగా కోత పడేది మెయింటెనెన్స్ మీదే.

పన్ను మాటా చెప్పాలి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలు కొనే శాస్త్ర పరికరాలపై రాయితీతో 5 శాతం జీఎస్టీ ఉండేది. 2022 జూలైలో ఆ రాయితీ తీసేశారు, 18 శాతం అయింది. 4 కోట్ల యంత్రం మీద ఈ తేడా ఒక్కటే 52 లక్షలు. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులోంచి ప్రభుత్వమే పన్ను తీసుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఆ రాయితీని తిరిగి ఇవ్వాలి. మరోవైపు ఒక మంచి మార్పు కూడా వచ్చింది. విదేశీ కంపెనీలను పిలిచే గ్లోబల్ టెండర్లకు పైవాళ్ల అనుమతి కోసం ఢిల్లీ వైపు చూసే అవస్థను 2025 జూన్‌లో కేంద్ర సంస్థల వరకు తగ్గించారు. శాస్త్ర పరికరాల విషయంలో సంస్థ అధిపతే నిర్ణయించుకోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ ఇలాంటి వెసులుబాటు పూర్తిగా ఉండాలి.

టెండరు రాసేవాళ్లకు ఒక సలహా. మన పద్ధతిలో సాంకేతికంగా అర్హత పొందినవాళ్లలో తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు దక్కుతుంది. ఆ ధరలో ఏం కలిపి లెక్కపెట్టాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. వారంటీ అయిపోయాక కనీసం ఐదేళ్ల పూర్తి మెయింటెనెన్స్ ధరను ఫైనాన్షియల్ బిడ్‌లోనే అడగండి, దాన్ని కూడా కలిపి పోల్చండి. అలా చేయకపోతే చవకగా వచ్చిన యంత్రానికి నాలుగో ఏట శూన్యాన్ని నిలిపే టర్బో పంపు ఒకటి పోతే, దాన్ని మార్చే డబ్బు ఏ పద్దులోనూ దొరకదు. నాకు తెలిసిన ఒక విభాగంలో సరిగ్గా ఇలాగే ఒక మంచి యంత్రం గుడ్డ కప్పుకుని ఉండిపోయింది.

గది కూడా యంత్రంలో భాగమే అనుకోవాలి. ఈ యంత్రం రాత్రీపగలూ శూన్యంలో ఉండాలి, పంపులు ఆగకూడదు. కరెంటు పోతే యూపీఎస్ అందుకోవాలి, యూపీఎస్ అయిపోయేలోపు జనరేటర్ అందుకోవాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎలక్ట్రానిక్ బోర్డులు కాలిపోతాయి. ఏసీ వేసవి సెలవుల్లో కూడా నడవాలి. ద్రావణాన్ని తుంపరగా చల్లే ఎలక్ట్రోస్ప్రే పద్ధతిలో దాన్ని ఆరబెట్టడానికి నైట్రోజన్ ధారాళంగా కావాలి, దాన్ని గాలి నుంచే తీసే జనరేటర్ పెట్టుకోవడం మేలు. గ్యాస్ క్రొమటోగ్రఫీకి వాడే హీలియం మన దేశానికి దాదాపు అంతా దిగుమతే. కొరత వచ్చినప్పుడల్లా సిలిండర్ ధర కొండెక్కుతుంది. ఇవన్నీ యంత్రం ఓడ ఎక్కకముందే సిద్ధమవ్వాలి. పెట్టె వచ్చి వరండాలో ఉంటే, గది కోసం ఇంజినీరింగ్ విభాగం చుట్టూ తిరుగుతుంటే, అక్కడ వారంటీ గడువు కరిగిపోతుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, మనిషి.

2002లో రసాయన శాస్త్ర నోబెల్‌లో సగభాగం ఇద్దరు మాస్ స్పెక్ట్రోమెట్రీ వాళ్లకు వచ్చింది. ఒకరు ఎలక్ట్రోస్ప్రేతో పెద్ద అణువుల్ని విరగకుండా అయాన్లుగా మార్చిన అమెరికా ఆచార్యుడు జాన్ ఫెన్. రెండోవారు జపాన్‌లో షిమాద్జు కంపెనీ ఇంజినీరు కొయిచి తనాకా. అప్పటికి ఆయన వయసు 43. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఉన్నది బ్యాచిలర్స్ డిగ్రీ, డాక్టరేట్ లేదు. 1985లో ప్రయోగం చేస్తూ సన్నని కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిసరిన్ కలిపేశాడు. పారేయడానికి మనసొప్పక ఆ మిశ్రమాన్నే లేజర్ కింద పెట్టాడు. అంతవరకు ఎవరికీ దొరకని సంకేతం కనబడింది. ప్రొటీన్ల వంటి భారీ అణువుల్ని లేజర్‌తో కొలిచే దారి అక్కడ తెరుచుకుంది. ఆ సంకేతాన్ని చూసి ‘ఇది చెత్త’ అని వదిలేయకుండా ఆగి చూడగలిగాడంటే, రోజూ ఆ యంత్రం ముందే కూర్చున్న మనిషి కాబట్టి.

ఆస్టన్ తన పరికరం ముందు తానే కూర్చున్నాడు, తనాకా కూడా అంతే. మరి మన దగ్గర ఆ కుర్చీలో ఎవరుంటారు? ఎక్కువచోట్ల ప్రాజెక్టు కింద తాత్కాలికంగా తీసుకున్న కుర్రవాడో అమ్మాయో ఉంటారు. కంపెనీ ఇంజినీరు వచ్చి కొద్దిరోజులు శిక్షణ ఇస్తాడు. వాళ్లు యంత్రం స్వభావం తెలుసుకుని, ఏ శాంపిల్ పెడితే అయాన్లు పుట్టే సోర్సు మురికిపడుతుందో, ఏ గీత నిజమో ఏది ప్లాస్టిక్ గొట్టం నుంచి వచ్చిన కల్తీయో గుర్తుపట్టే స్థాయికి వచ్చేసరికి ప్రాజెక్టు ముగుస్తుంది. వాళ్లు ఒక మందుల కంపెనీలో మంచి జీతానికి చేరిపోతారు. చేరడంలో వాళ్ల తప్పేమీ లేదు. నిలుపుకోలేకపోవడం మన తప్పు. ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసిన స్కాలరే ఆపరేటరు. ఆ స్కాలర్ వైవా అయిపోయిన రోజు యంత్రానికి దిక్కుండదు.

ఈ పని గుమాస్తా పని అన్న భావన ముందు పోవాలి. మంచి మాస్ ఆపరేటర్ శాస్త్రవేత్తే. జీతం, పదోన్నతి, పరిశోధన పత్రాల్లో పేరు, ఇవన్నీ ఆ గౌరవాన్ని బట్టే ఉండాలి. మూడు కోట్ల యంత్రానికి మనిషిని నియమించడానికి డబ్బు లేదనే విభాగం, యంత్రాన్ని అడగడం వాయిదా వేసుకోవడం మంచిది. కఠినంగా అనిపించినా ఇదే నా అభిప్రాయం.

ఈలోగా శాంపిళ్ల గతేమిటంటే, దారులు ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది. మద్రాసు, బొంబాయి ఐఐటీల వంటి చోట్ల డీఎస్‌టీ నడిపే శాయిఫ్ కేంద్రాలు రుసుము తీసుకుని బయటివాళ్ల శాంపిళ్లు చేసిపెడుతున్నాయి. 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఏ పరికరం ఎక్కడుందో వెతుక్కుని సమయం కేటాయించుకోవచ్చు. జిల్లా కాలేజీల్లో పనిచేసే అధ్యాపకులు చాలామంది దీన్ని ఇంకా వాడుకోవడం లేదు. దయచేసి వాడండి. అలాగే కొత్తగా యంత్రం వచ్చిన విశ్వవిద్యాలయాలు, వారంలో కొంత సమయం బయటి కాలేజీలకు తప్పనిసరిగా కేటాయించాలి. ఆ రుసుముతో నైట్రోజన్, ద్రావణుల ఖర్చు కొంత గడుస్తుంది. రోజూ నడిచే యంత్రానికి రోగాలూ తక్కువ.

ఈ ఏడాది పరికరాల కోసం ప్రతిపాదన రాస్తున్న విభాగాధిపతులకు, దాని మీద సంతకం చేయబోతున్న వైస్ చాన్సలర్లకు నా విన్నపం ఇది. యంత్రం పేరు రాసిన పేజీలోనే శాశ్వత ఆపరేటర్ పోస్టునూ, పదేళ్ల మెయింటెనెన్స్ మొత్తాన్నీ రాయండి. ఆ రెండూ లేని ప్రతిపాదనను మీ కమిటీలోనే వెనక్కి పంపండి. మాస్ స్పెక్ట్రోమెట్రీ నేర్చుకోవాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ విభాగంలో యంత్రం ఉన్న గది తలుపు తట్టి, నేర్పమని అడగండి.